రాగి తేలిన బంపరు

పోయిన నెలలో పూర్ణయ్య గారు మా బడికి వచ్చారు. మనవరాలిని ఆరో తరగతిలో చేర్చడానికి కోడలిని వెంటబెట్టుకుని వచ్చిన ఆ పెద్దాయన, చేతికర్రను బల్లకు ఆనించి నా ఎదుట కుర్చీలో కూర్చున్నారు. నేను కాగితాలు చూస్తున్నంతసేపూ నా ముఖంలోకే చూశారు. "నువ్వు నల్లపాడు రోడ్డులో పాలిష్ ఖాసిం కూతురివి కదమ్మా?" అన్నారు చివరికి. అవునండీ అన్నాను. ఆయన ముఖం విప్పారింది. కోడలి వైపు తిరిగి, "మన మొదటి లారీకి నికిలు పూత బంపరు వేయించానని చెబుతుంటానే, దాన్ని కాల్చేసింది ఈ టీచరమ్మే. రాగి బయటపడేదాకా అరగదీసింది. వాళ్ళ నాన్న చెయ్యి మాత్రం అట్టాంటిది కాదు. ఖాసిం చెయ్యి పడితే ఇనుము అద్దమయ్యేది," అని నవ్వారు. కోడలు నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ఆ పిల్లా నవ్వింది. నేనూ నవ్వి, "చిన్నతనం కదండీ," అన్నాను. టీ తెప్పించాను. పిల్లను చేర్చుకున్నాను.

ఆ బంపరును పాడుచేసింది నేను కాదు, మా నాన్న. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు ఈ మాట బయట ఎక్కడా అనలేదు. పోయాక అనడానికి మనసు రాలేదు. కానీ ఆ రోజు పూర్ణయ్య గారు వెళ్ళాక అన్నం డబ్బా మూత తీసి, ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేక మళ్ళీ మూసేశాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని. ఒక లారీ బంపరు గురించి నాలో ఇంత కోపం ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు. అందుకే రాస్తున్నాను.

గుంటూరు నుంచి నల్లపాడు పోయే దారిలో మా ఇల్లు రోడ్డును ఆనుకుని ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, ఆ వెనక వంటపాక. మేం దూదేకులవాళ్ళం. మా తాత వింటినారి మీటుతూ ఊళ్ళమ్మట పరుపులకు దూది ఏకేవాడు. మిషన్లు వచ్చి ఆ పని పడిపోయాక, నాన్న పడుచుతనంలోనే బెజవాడ వెళ్ళి, లారీ బాడీలు కట్టేచోట లోహానికి మెరుగుపెట్టే పని నేర్చుకుని వచ్చాడు. ఆ రోజుల్లో లారీ అంటే సగం లోహమే కనపడేది. ముందు బంపరు, కేబిను నుదుటి మీద స్టీలు పట్టీలు, అద్దాలను పట్టుకునే కడ్డీలు, చక్రాల మధ్య బోర్లించిన గిన్నెల్లాంటి కప్పులు, ఇత్తడి హారన్లు, పక్కన అల్యూమినియం డీజిల్ ట్యాంకు. పెళ్ళిళ్ళకు ఆడవాళ్ళు నగలు తోమించుకున్నట్టు, మిరపకాయల సీజను మొదలయ్యే ముందు లారీలవాళ్ళు వీటన్నిటికీ మెరుగు పెట్టించుకునేవారు. మా షెడ్డు ముందు ఎప్పుడూ రెండు మూడు లారీలు ఆగి ఉండేవి.

లోహానికి చివరి మెరుగు పెట్టేది గుడ్డ. పాత నూలు పంచెలూ చీరలూ పళ్ళెమంత గుండ్రాలుగా కత్తిరించి, ముప్ఫై నలభై గుండ్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య నుంచి అంచు దాకా చుట్లు చుట్లుగా కుడితే ఒక చక్రం అవుతుంది. దాన్ని మోటారుకు బిగించి, అది గిర్రున తిరుగుతుండగా ఇటుక రంగు మైనపు దిమ్మను ఆనిస్తారు. ఆ దిమ్మను మేం సబ్బు అనేవాళ్ళం. సబ్బు పట్టిన చక్రానికి లోహాన్ని ఒత్తి పట్టుకుంటే ముందు నల్లటి జిడ్డు తేలుతుంది, ఆ జిడ్డు కింద నుంచి వెలుగు వస్తుంది. చక్రాలు కుట్టడం అమ్మ పని. పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు ఒక చుట్టు, అన్నం వార్చి ఇంకో చుట్టు, అలా దబ్బనంతో కుడుతూనే ఉండేది. ఆమె కుడి బొటనవేలు కాయకట్టి రాయిలా ఉండేది. ఇల్లంతా కిరసనాయిలు వాసన, కాలిన గుడ్డ వాసన, మైనం వాసన. గోంగూర ఉడుకుతున్నా ఆ వాసనల కిందే ఉడికేది. ఆరేసిన బట్టల మీద సన్నటి నల్ల పొడి పడేది. పండక్కి కొత్త ఓణీ వేసుకుంటే సాయంత్రానికి దాని అంచు మా షెడ్డు రంగులోకి వచ్చేది.

ఆ పనంత వెర్రి పని ఇంకోటి లేదని నాకు పదేళ్ళప్పుడే అనిపించింది. మిరపకాయల యార్డు నుంచి వచ్చిన లారీ బంపరు మీద మిరప పొడి పేరుకుని ఉంటుంది. డ్రైవరు కడిగానంటాడు, కడిగి ఉండడు. చక్రం దానికి తగలగానే ఘాటు షెడ్డంతా లేస్తుంది. నాన్న తుమ్ముతాడు, అమ్మ వంటపాకలో తుమ్ముతుంది, రోడ్డు మీద పోయేవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటూ పోతారు. దాచేపల్లి వైపు నుంచి వచ్చే లారీలది ఇంకో బాధ. సిమెంటు పొడి మీద మంచు పడి, రాయిలా గట్టిపడి, గీకితే తప్ప రాదు. ఒక పూటంతా పోరాడి అద్దంలా చేసి పంపిస్తే, పదిహేను రోజులకు అదే లారీ అదే మురికితో తిరిగొస్తుంది. "ఇది ఎందుకు నాన్నా, నిలవని దానికి?" అని అడిగితే, "నిలిస్తే మనకు పనేముంటది?" అనేవాడు. అందులో హాస్యం ఉందని ఆయన అనుకునేవాడు. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

పని అయిందో లేదో తేల్చడానికి నాన్నకు ఒక పద్ధతి ఉండేది. బంపరు ముందు దినపత్రిక పట్టుకుని, లోహంలో తిరగబడి కనపడే అక్షరాలు చదివేవాడు. పెద్ద అక్షరాలు కనపడితే డ్రైవర్ల పని, చిన్న అక్షరాలు కూడా కనపడితే ఖాసిం పని అని ఆయన లెక్క. అవి చదవగలిగేదాకా ఎంత తొందరలో ఉన్న లారీనైనా కదలనిచ్చేవాడు కాదు. బంపరు లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట కూడా మెరుగుపెట్టేవాడు. "అది ఎవరు చూస్తారు?" అని అమ్మ విసుక్కుంటే, "నేను చూశాగా," అనేవాడు.

నేను ఇంటర్మీడియట్ లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న ఏడే, నాన్న దగ్గర పదేళ్ళు పనిచేసిన నాగూరు అనే మనిషి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. రెండో మనిషి లేకుండా ఆ పని సాగదు. బంపరును ఊడదీసి, షెడ్డు దూలానికి రెండు తాళ్ళతో వేలాడదీసి, ఒకరు అటు నుంచి జరుపుతుంటే ఇంకొకరు ఇటు నుంచి చక్రానికి ఒత్తాలి. నాన్న నాలుగు రోజులు ఎవరెవరినో అడిగాడు. ఐదో రోజు షెడ్డులో ఒక మూల టార్పాలిన్ పట్టా అడ్డంగా కట్టి, "అమ్మాయ్, కప్పులు నువ్వు రుద్దు," అన్నాడు. పట్టా ఎందుకంటే, ఆడపిల్ల ఈ పని చేస్తోందని డ్రైవర్లకు కనపడకూడదు. మొదట గరుకు కాగితంతో చక్రాల కప్పులు రుద్దాను. తర్వాత ఇత్తడి హారన్లను చింతపండుతో తోమి, చిన్న మోటారు మీద మెరుగు పెట్టాను. ఆరు నెలల్లో పెద్ద మోటారు పట్టా వెనక్కి వచ్చింది. ఏడాది తిరిగేసరికి బంపర్లు కూడా, తాళ్ళ మీద ఒక్కదాన్నే జరుపుకుంటూ, నేనే చేస్తున్నాను. నాన్న పట్టా ఇవతల డ్రైవర్లతో మాట్లాడుతూ, లారీ మీదే ఉంచి చేసే కడ్డీలూ ట్యాంకులూ చేసేవాడు.

ఆ పనిని నేను అసహ్యించుకున్నాననుకుంటారేమో. లేదు. అదే నన్ను ఇప్పటికీ తికమక పెట్టే విషయం. లెక్కలు రాని నాకు ఇనుము అర్థమైంది. ఏ లోహం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో, చక్రం శబ్దం ఎక్కడ మారితే చేయి వెనక్కి తీయాలో నా మోచేతులకు తెలిసిపోయింది. యేసోబు అని, తర్వాత పూర్ణయ్య గారి లారీ తోలిన డ్రైవరు ఉండేవాడు. నిదానస్తుడు, లారీని కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఒకసారి హారన్లు తీసుకుని ఎండకు తిప్పి చూసి, "ఖాసిం భాయ్, ఈ మధ్య నీ చెయ్యి ఇంకా నున్నగా అయింది. గీత అనేది లేదు," అన్నాడు. నేను పట్టా వెనక చెవి ఒగ్గి కూర్చున్నాను. నాన్న గొంతు సవరించుకుని, "అనుభవం యేసోబూ," అన్నాడు. అంతే. ఆ రోజు రాత్రి కంచం ముందు కూర్చుని, "హారన్లు నేనేగా చేసింది," అన్నాను. "అయితే?" అన్నాడు నాన్న. అయితే ఏమిటో నాకూ తెలియదు. ఏదో ఉందని మాత్రం తెలుసు.

నాన్న కళ్ళు పోతున్నాయని నాకు తెలిసింది ఆ దినపత్రిక వల్లే. ఒకరోజు పట్టా వెనక్కి వచ్చి, బంపరు ముందు పేపరు పట్టుకుని, "చదువు," అన్నాడు. పని పరీక్షిస్తున్నాడేమోనని తిరగబడిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మర్నాడూ "చదువు" అన్నాడు. ఆ తర్వాత ప్రతిరోజూ అంతే. ఒకరోజు కావాలని లేని వార్త చదివాను. నాన్న తల ఊపి, "సరే, బిగించు," అన్నాడు. అప్పటి నుంచి గమనించడం మొదలుపెట్టాను. లారీని హారన్ మోతను బట్టి గుర్తుపడుతున్నాడు. టీ గ్లాసు కోసం చేయి చాపి బల్లంతా తడుముతున్నాడు. అమ్మకు చెబితే, "తెలుసు. నాకు చెప్పినట్టు ఆయనకు తెలియనియ్యకు," అంది. ఆస్పత్రికి పోదామని నేను అంటే నాన్న ఒకే మాట, "కళ్ళకేం, దుమ్ము." నెల రోజులు అడిగాను. నెల రోజులూ దుమ్మే.

అలాంటప్పుడు పూర్ణయ్య గారి బంపరు వచ్చింది. ఆయన అప్పటిదాకా మిరప, పత్తి పండించి, ఆ ఏడే మొదటి లారీ కొన్నారు. దానికి బెజవాడలో నికిలు పూత వేయించిన బంపరు పెట్టించారు. మామూలు ఇనుప బంపరును ఎంత అరగదీసినా లోపల ఇనుమే ఉంటుంది. పూత బంపరు అలా కాదు. ఉల్లిపొరంత నికిలు, దాని కింద రాగి, దాని కింద ఇనుము. మెత్తటి చక్రం మీద అలా తగిలించి ఇలా తీయాలి. నిలబెట్టి ఒత్తితే పొర లేచిపోతుంది. ఆ బంపరు మీద సిమెంటు పొడి వల్ల కాస్త మసక కమ్మింది, అంతే. యేసోబు పొద్దున్నే దాన్ని ఊడదీసి, పట్టా వెనక దూలానికి కట్టమని నాన్నకిచ్చి, తను లారీ కింద దూరి ఏవో బోల్టులు బిగించుకుంటున్నాడు. పది గంటలకల్లా నేను ముప్పాతిక పని చేసేశాను. ఎడమ మూల వంపు ఒక్కటే మిగిలింది. అప్పుడు పూర్ణయ్య గారు మోటారు సైకిల్ దిగారు.

యజమాని స్వయంగా రావడం అదే మొదటిసారి. నాన్న పరుగున పట్టా వెనక్కి వచ్చి, "లోపలికి పో," అన్నాడు. "ఆ మూల మిగిలింది నాన్నా. వంపు దగ్గర పూత పల్చన. నేను చేస్తా," అన్నాను. "పో అంటుంటే," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. నేను వెళ్ళి ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న పట్టా లాగేసి, ఆయనకు స్టూలు వేసి, మోటారు దగ్గర తనే నిలబడ్డాడు. పూర్ణయ్య గారు కాసేపు చూసి, ఆ మోతకు తట్టుకోలేక, రోడ్డు అవతల టీకి వెళ్ళారు.

నాన్న మూలను చక్రానికి ఆనించాడు. ఒక్క క్షణం చాలు. తీసి చూసుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ ఆనించాడు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను, ఆ మూల అప్పటికే తళతళలాడుతోంది. నాన్నకు మాత్రం ఇంకా మసక కనపడుతోంది. ఆ మసక బంపరు మీద లేదు, ఆయన కంట్లో ఉంది. దాన్ని తుడిచేయడానికి ఇంకా ఇంకా ఒత్తుతున్నాడు. "చాలు నాన్నా," అని అరిచాను. మోటారు మోతలో వినపడలేదు. నేను పరుగెత్తి వెళ్ళి స్విచ్ ఆపేసరికి అరచేతంత మేర రాగి బయటపడింది. మెరిసే బంపరు మీద, చర్మం లేచిపోయిన పుండులా, ఎర్రగా. నాన్న దాన్ని చేత్తో తడిమాడు. వేడికి వేలు కాలి చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఏంది, ఏమయింది?" అని నన్ను అడిగాడు మెల్లగా. "రాగి తేలింది," అన్నాను.

పూర్ణయ్య గారు టీ తాగి వచ్చారు. చూశారు. "ఏంది ఖాసిమూ ఇది?"

నాన్న తలెత్తలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "నీళ్ళు తాగడానికి పక్కకెళ్ళానండి. ఇంతలో చెయ్యి పెట్టింది. అమ్మాయి చేసిందండి," అన్నాడు.

రెండేళ్ళుగా నేను చేసిన పనుల్లో ఒక్కదాన్ని కూడా నాది అనని మనిషి, నేను చేయని పనిని నాదన్నాడు. నోరు తెరిచాను. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు సరిగ్గా నా మీద పడలేదు, నా భుజం పక్కన ఎక్కడో పడింది. నా నోరు మూసుకుపోయింది. పూర్ణయ్య గారు పెద్దగా కేకలేమీ వేయలేదు. "ఆడపిల్లకు మోటారు దగ్గర ఏం పని? నీ చెయ్యి మీద నమ్మకంతో తెస్తే ఇట్టానా?" అన్నారు. "అమ్మాయ్, వంటింట్లో అమ్మకు సాయం చేసుకో," అని నాకూ ఒక మాట చెప్పారు. నాన్న తనే ఆ బంపరును బెజవాడ తీసుకుపోయి మళ్ళీ పూత వేయించి తెస్తానన్నాడు, తెచ్చాడు కూడా. అంతా అయ్యాక, లారీ కింద నుంచి యేసోబు బయటికి వచ్చి నా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "నేను చూశానమ్మా. చెప్పలా. చెబితే మీ నాన్న బతుకు పోద్ది," అన్నాడు. మంచి మనిషే. ఆయన మీదా నాకు కోపమే వచ్చింది.

వంటపాకలోకి వెళ్ళి అమ్మ ముందు ఏడ్చాను. అమ్మ దబ్బనం ఆపలేదు. "తండ్రేగా, ఊరుకో," అంది. "తండ్రైతే అబద్ధం చెప్పొచ్చా?" అన్నాను. అమ్మ కుడుతున్న చక్రాన్ని ఎత్తి చూపించింది. "పాతికేళ్ళుగా కుడుతున్నా వీటిని. ఇవి లేందే ఒక్క బంపరు మెరవదు. ఏ డ్రైవరన్నా ఎప్పుడన్నా ఈ చక్రం ఎవరు కుట్టారని అడిగాడా? మీ నాన్న చెప్పాడా?" అంది. నన్ను ఓదార్చడానికే అంది. నా కోపం ఒకటికి రెండయింది.

ఆ మర్నాటి నుంచి నేను షెడ్డులోకి వెళ్ళలేదు. నాన్న ఒకరోజు నాలుగు చక్రాల కప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ముట్టుకోలేదు. సాయంత్రానికి తనే తీసుకెళ్ళి చేశాడు. రెండు రోజులకు ఆ డ్రైవరు వాటిని తిరిగి తెచ్చి, "ఇదేంది, అంతా గీతలేగా," అన్నాడు. నాన్న వాటిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో వెతుక్కుంటూ కూర్చోవడం కిటికీలోంచి చూశాను. జాలిపడకూడదని గట్టిగా అనుకున్నాను. మూడు వారాలు అనుకున్నాను. తర్వాత వెళ్ళి, "వస్తా. కానీ నేను చేస్తే నేను చేశానని చెప్పాలి. పట్టా తీసేయాలి. నువ్వు ఆస్పత్రికి రావాలి," అన్నాను. "సరే," అన్నాడు. పట్టా తీశాడు. ఆ మర్నాడు యేసోబు వచ్చి, అన్నీ తెలిసీ నా కోసమే కాబోలు, నన్ను చూస్తూనే, "ఎవరు చేశారు భాయ్ ఈ పట్టీలు?" అని అడిగాడు. నాన్న, "మేమే," అన్నాడు. మేమే. అబద్ధం కాదు కాబట్టి పోట్లాడలేను. నిజమూ కాదు.

ఆస్పత్రికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. గుంటూరులో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తున్నారని విని, అమ్మా నేనూ దాదాపు ఈడ్చుకుపోయాం. రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. ఈ లోపల నేను లెక్కలు గట్టెక్కాను. ఉపాధ్యాయ శిక్షణలో సీటు కూడా వచ్చింది. నేను వెళ్ళాక నాన్న ఇంకో మనిషిని పెట్టుకుని కొన్నేళ్ళు నడిపాడు. కొత్త లారీలు వస్తున్నకొద్దీ లోహం తగ్గిపోయింది. ముందు కప్పులు పోయాయి, తర్వాత పట్టీలు పోయాయి, చివరికి బంపరు కూడా ప్లాస్టిక్కే అయింది. బూడిద రంగు ప్లాస్టిక్కును ఎవరు మెరుగు పెట్టించుకుంటారు? షెడ్డు ఉన్నచోట ఇప్పుడు టైర్ల దుకాణం ఉంది.

ఆ దారిన పోయినప్పుడల్లా మా తమ్ముడు, "ఆ రోజులే వేరక్కా," అంటాడు. ఆ రోజులు వేరే, నిజమే. వాడు ఆ రోజుల్లో హాస్టల్లో చదువుకుంటున్నాడు. నేను మాత్రం నల్లటి ఉమ్ము ఉమ్మేదాన్ని. ఇప్పటికీ డిసెంబరు వస్తే నా దగ్గు వదలదు. ఇవాళ ఏ ఆడపిల్లా మిరప ఘాటులో తుమ్ముతూ ఇనుము అరగదీయనక్కర లేదంటే నాకు సంతోషమే. కానీ మా బడిలో చూస్తుంటాను. సైన్సు ప్రదర్శనకు నమూనా అంతా ఆడపిల్లలు తయారుచేస్తారు, వేదిక మీద దాన్ని వివరించేది ఒక మగపిల్లవాడు. ఎవరు చేశారమ్మా అంటే, ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "మేమే టీచర్," అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళను గద్దిస్తాను. పాపం, ఎందుకు గద్దిస్తున్నానో వాళ్ళకు తెలియదు.

నాన్నను ఒక్కసారి మాత్రం అడిగాను. కళ్ళకు కట్లు విప్పి నెల దాటాక, డాక్టరు పని చేసుకోవచ్చన్న రోజు అది. పొద్దున్నే నాన్న కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. వెళ్ళడానికి సిద్ధంగా ఉన్న కప్పులు, హారన్లు, ఒక బంపరు, అన్నీ నేను చేసినవే, వరసగా పెట్టి ఉన్నాయి. నా పనిని ఆయన సరిగ్గా చూడటం అదే మొదలు. ఒక్కొక్కటీ ఎత్తి, వెలుతురుకు తిప్పి, చాలాసేపు చూశాడు. నేను ఏమీ ఎరగనట్టు సబ్బు దిమ్మలు సర్దుతున్నాను. ఆఖరి కప్పు దగ్గర ఆగి, అంచు మీద గోరు పెట్టి, "ఇక్కడ గీత ఉంది. ఇది నువ్వు చేసిందేగా," అన్నాడు.

"నాన్నా, నీకిప్పుడు అన్నీ కనపడుతున్నయ్యిగా," అన్నాను. "పూర్ణయ్య గారి బంపరు ఎవరు కాల్చారో అది కూడా కనపడుతుందా?"

నాన్న కప్పు కింద పెట్టాడు. "కనపడుతుంది," అన్నాడు.

"మరి నా మీద ఎందుకు పెట్టావు?"

ఆయన కోప్పడలేదు. చాలాకాలంగా ఈ మాట కోసం ఎదురుచూస్తున్నవాడిలా చెప్పాడు. "నాకు చూపు లేదని తెలిస్తే తెల్లారేసరికి ఈ షెడ్డు ముందు ఒక్క లారీ ఆగదు. నా పేరు పోతే ఇంట్లో అందరి కూడూ పోద్ది. నీకింకా పేరు లేదుగా అమ్మాయ్, పోవడానికి."

"నువ్వు చెప్పకపోతే నాకు పేరెట్టా వస్తది నాన్నా?"

నాన్న కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రోడ్డు మీద లారీ ఆగిన చప్పుడైంది, కప్పుల కోసం డ్రైవరు వచ్చాడు. నేను ఆ కప్పు తీసుకుని వెలుతురుకు పట్టుకున్నాను. గీత నిజంగానే ఉంది, వెంట్రుకంత. నేను చూడలేదు. మోటారు వేసి, చక్రానికి సబ్బు పట్టించి, గీతను తీసేసి, జిడ్డు పోయేలా ముగ్గుపిండితో తుడిచి నాన్న చేతికిచ్చాను. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ," అన్నాడు. బాగుంది అని కాదు, సరే అని కాదు, ఊరికే "ఆ".

నా పనికి మా నాన్న ఇచ్చిన మెప్పు ఆ ఒక్క అక్షరం. దానితో సరిపెట్టుకోవాలని ఇన్నేళ్ళలో చాలాసార్లు ప్రయత్నించాను. సరిపోలేదు.